మూడు పేర్లు తక్కువ

రెండువేల సంవత్సరం జనవరిలో, దిగువగట్టుపల్లె బడి వరండాలో, రెండూళ్ళ జనం ముందర మారప్ప నా కూతురిని దొంగ అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఒక వక్క నమిలినంత సేపు కూడా పట్టలేదు. దానికి జవాబు చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. కొన్న సరుకు ఆ రోజే అమ్మేసేవాళ్ళు చింతపండు వ్యాపారంలో నిలవరు. నేను ఇరవై ఏళ్ళు నిలిచిన దాన్ని.

మాది దిగువగట్టుపల్లె. మా ఊరి నుంచి రెండు కిలోమీటర్లు గుట్ట ఎక్కితే ఎగువగట్టుపల్లె. కిలోమీటరున్నర కిందికి దిగితే పుంగనూరు పోయే తారురోడ్డు. ఆ చోటును అందరూ క్రాస్ అంటారు. మూడు చోట్లా బడులున్నాయి. క్రాస్ బడి పెద్దది, ఏడో తరగతి దాకా ఉంది. మా ఎగువ, దిగువ బడులు ఒక్కో అయ్యవారితో నడిచేవి. చిన్న బడులకు విడివిడిగా కాగితాలు నడపలేమని రెండేళ్ళ ముందే ఆ రెంటినీ ముడివేశారు. రెంటికీ ఒకే కమిటీ, ఒకే చైర్మను. పిల్లలకు నెలనెలా ఇచ్చే బియ్యం ఒకే బండిలో వచ్చి, మా ఊళ్ళో సగం దిగి, మిగిలింది గుట్ట ఎక్కేది. క్రాస్ హెడ్మాస్టరు రెంటినీ పైపైన చూసేవాడు.

బడిలో పేరున్న పిల్లల తల్లిదండ్రులే కమిటీకి ఓటు వేయాలి. ఎగువ బడిలో నలభై ఒక్క పేర్లు, మా బడిలో పందొమ్మిది. అందుకని ఎగువపల్లె మారప్ప చైర్మను అయ్యాడు. రెండు వందల గొర్రెలున్న ఆసామి. ఎవరు ఎదురుపడినా "ఏమ్మా, బాగుండావా?", "ఏమప్పా, బాగుండావా?" అని పలకరించకుండా పోడు.

నా కూతురు కుసుమ మదనపల్లెలో ఇంటర్ చదివి, అంతకు ముందు జూన్ నుంచి ఎగువ బడిలో విద్యా వాలంటీరుగా పని చేస్తోంది. ఆ బడికి అయ్యవారు లేక ఖాళీగా ఉండింది. రోజూ గుట్ట ఎక్కి దిగేది. ఇంటికి వచ్చాక కూడా ఆ పిల్లల మాటలే.

జనవరి మీటింగులో మారప్ప లేచి, తువ్వాలు భుజం మార్చుకుని అన్నాడు.

"బియ్యం మూట గుట్ట ఎక్కేటప్పుడు నిండుగా ఉంటాది. నెల తిరిగేలోపల కిందికి దిగి అంగట్లో తేలతాది. ఎవురి అంగడో నేను సెప్పల్నా?"

ఆ రెండూళ్ళకూ ఉన్నది ఒకే అంగడి. నాది.

"యాడ సూసినావు మారప్పన్నా?" అన్నాను.

"సూసినోళ్ళు సెప్పినారు. నీ అంగట్లో బడి బియ్యం లేవని, నీ బిడ్డ తలకాయ మీద సెయ్యి పెట్టి సెప్పు. ఇప్పుడే క్షమించమని అడుగుతా."

నేను చెయ్యి ఎత్తాను. కుసుమ నా మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఒట్టంటే ఆడపిల్లకు భయం అనుకున్నాను.

చెయ్యి దిగడం అందరూ చూశారు. మారప్ప ఇంకేమీ అనాల్సిన పని లేకపోయింది. "మా ఊరి బడికి మా ఊరి పిల్లే సాలు" అన్నాడు. తరువాతి వారం అతని కోడలు నాగవేణి ఎగువ బడిలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఫిబ్రవరిలో చింతకాయ మొదలైంది. మా ఇంటి వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయ కొట్టి గింజ తీసేవాళ్ళు. కుసుమ కూడా వాళ్ళ పక్కన సుత్తి పట్టుకుని కూర్చుంది. వద్దన్నా వినలేదు.

"టీచరమ్మా, గింజలకు గూడా హాజరు ఏస్తాండావా?" అంది సిద్ధమ్మ. ఆమె నోటికి మా ఊళ్ళో గేటు లేదు.

"ఏస్తాండాను సిద్ధమ్మత్తా. నీ గంపలోవి సగం ఆబ్సెంటు. గింజ తీయకుండానే పండు ఏస్తాండావు."

అందరూ నవ్వారు. కుసుమా నవ్వింది. తరువాతి దెబ్బ బొటనవేలి మీద పడింది. గోరు కింద రక్తం కమ్మితే, చింతపండు పులుపుతో కలిసి మండుతుంటే, వేలు నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుంది తప్ప లేవలేదు. నేను గడపలో నిలబడి చూశాను. మారప్పను కుర్చీలోంచి లేపాలని ఆ నిమిషంలోనే తీర్మానించుకున్నాను. కుర్చీ ఒక్కటే కాదు, ఆ కుర్చీ వేసిన బడే అతని ఊరికి లేకుండా చేయాలనుకున్నాను.

పది రోజుల తరువాత చెట్లు మాట్లాడటానికి ఎగువపల్లె పోయాను. కాయ చెట్టు మీదుండగానే కొనడం మా పద్ధతి. కొమ్మ కొమ్మా చూసి, ఈ చెట్టు ఎన్ని మూటలు ఇస్తుందో కంటితోనే తేల్చాలి. నా కన్ను అరమూటకు మించి తప్పదు. బడి పక్కన చెట్టు కింద నిలబడి తల ఎత్తి చూస్తుండగా మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు బయటికి పరిగెత్తారు. కాయ వదిలేసి పిల్లలను లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది.

నలభై ఒకటిలో పద్దెనిమిది పోతే ఇరవైముగ్గురు. వాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియనిది కాదు. వేరుశనగ పీకిన తరువాత, నవంబరులో, ఎగువపల్లె గొర్రెల మందలు కుప్పం వైపు దిగిపోతాయి. అక్కడి రైతులు తమ చేలల్లో మంద పడుకోబెట్టించుకుని, ఆ ఎరువుకు బదులుగా రాగులు కొలుస్తారు. మంద వెంట మొగుడూ పెళ్ళాం, వాళ్ళ వెంట పిల్లలు పోతారు. ముసలివాళ్ళు మాత్రం ఊళ్ళో ఉంటారు. తొలివానలకు అందరూ తిరిగి వస్తారు. అది తాతల నాటి నుంచి ఉన్నదే. మరి పోయిన పిల్లల పేర్లు రిజిస్టరులో ఎందుకు ఉన్నాయి? నాకు ఒకటే జవాబు తోచింది. ఆ పేర్ల మీద బియ్యం వస్తుంది. ఆ బియ్యం మారప్ప ఇంట్లో ఉడుకుతోంది. తను తింటూ నా కూతురిని దొంగ అన్నాడు.

"ఏమ్మా, బాగుండావా?"

వెనక్కి తిరిగితే మారప్ప. చంకలో గొర్రెపిల్ల.

"బాగుండాను మారప్పన్నా. నువ్వు?"

"ఏం బాగులే. కాపు బాగుండాది గానీ ఈ సెట్టు, నాలుగు మూటలు ఇస్తాదా?"

"నాలుగున్నర" అన్నాను. కొట్టిన మనిషే వచ్చి దెబ్బ తగిలిందా అని అడిగినట్టు అనిపించింది.

మా మండలానికీ పక్క మండలానికీ కలిపి ఒకే విద్యాధికారి ఆదినారాయణ సారు. వారంలో రెండు రోజులు పుంగనూరులో కూర్చునేవాడు. నేను మండీకి చింతపండు తోలే రోజు అందులో ఒకటి. మూటలు దించి, చేతులు కడుక్కుని ఆఫీసుకు పోయాను.

"సార్, ఎగువగట్టుపల్లె బడిలో నలభై ఒక్క పేర్లుండాయి. పిల్లోళ్ళు పద్దెనిమిది మందే. మిగిలినోళ్ళ బియ్యం ఎవురి పొయ్యి మీద ఉడుకుతాండాదో ఒక పొద్దు వచ్చి సూడండి."

ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు రిజిస్టరు చూశారామ్మా?"

"పిల్లోళ్ళను సూసినాను. సాలదా?"

"రాసిస్తారా?"

"సంతకం గూడా పెడతా."

"పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోండి. పేర్లు ఒకసారి కొట్టేస్తే ఆ సంఖ్యే పైకి పోతుంది. పైగా ఆ రెండు బడులూ మాకు కాగితం మీద ఒకటే."

"ఒకటే గాబట్టే గదా సార్, ఆయప్ప మా ఊరి నెత్తిన గూడా కూర్సోనుండాడు" అన్నాను.

ఆయన తెల్లకాగితం ముందుకు తోశాడు.

నా లెక్క నాకుంది. ఇరవైమూడు పేర్లు పోతే ఎగువ బడి పద్దెనిమిదికి పడుతుంది, మాది పందొమ్మిది. పెద్దది మాదే అవుతుంది. ఆ బడి మూసి పిల్లలను మా ఊరికి దింపుతారు. పిల్లలు పెరిగితే మా బడికి వాలంటీరు కావాలి. నా కూతురు గుట్ట ఎక్కకుండానే వాకిట్లోంచి బడికి పోతుంది. ఎగువ బడిలో చదివే మారప్ప మనవరాలు రోజూ నా అంగడి ముందు నుంచి నడిచి రావాలి. ఆ కాగితం రాసేటప్పుడు నాకు కలిగిన సుఖం ఇప్పటికీ గుర్తుంది. దాన్ని దాచి చెప్పడం నాకు చేతకాదు.

మామూలుగా నేను గంప పైనున్న పండు చూసి ధర చెప్పే దాన్ని కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున రాళ్ళున్నాయో తడి ఉందో తెలుసుకున్నాకే నోరు తెరుస్తాను. ఆ రోజు మాత్రం చెయ్యి దూర్చలేదు.

మార్చి రెండో వారంలో, పొద్దున పదిగంటలకు, ఆదినారాయణ సారు చెప్పకుండా ఎగువ బడికి వచ్చాడు. జీపు గుట్ట ఎక్కడం మా ఊళ్ళో వాళ్ళు చూశారు. నేను చూడాలనుకున్నదే అది కాబట్టి వెనకే పోయాను. సిద్ధమ్మ వచ్చింది. ఇంకో పదిమంది వచ్చారు. కుసుమ ఎప్పుడు బయలుదేరిందో నేను గమనించలేదు.

సారు పిల్లలను వరసలో నిలబెట్టి లెక్కపెట్టాడు. పద్దెనిమిది. రిజిస్టరు తెమ్మన్నాడు. నాగవేణి తెచ్చి ఇచ్చింది. నాగవేణి వచ్చాక రాసిన పుటలు తిప్పాడు. ఇరవైమూడు పేర్ల ముందు ఎర్రసిరాతో వరసగా ఆబ్సెంట్లు.

"వీళ్ళ బియ్యం?"

"రానోళ్ళకు నేను ఇయ్యలేదు సార్" అంది నాగవేణి. "ఆ రూములో ఉండాయి. తూకం ఏసుకోండి. అవ్వలంతా నన్ను తిడతాండారు, తిట్టనీ."

తూకం వేశారు. తక్కెడ నేనే పట్టుకున్నాను, తూకం తెలిసిన చెయ్యి అక్కడ నాదే కాబట్టి. బియ్యం సరిగ్గా ఉన్నాయి. గింజ తక్కువ లేదు.

సారు పుటలు వెనక్కి తిప్పాడు. డిసెంబరు, నవంబరు. ఒక్క ఎర్రగీత లేదు. నలభై ఒక్కరూ రోజూ వచ్చినట్టు హాజరు. పేర్లన్నీ గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. ఆ అక్షరాలు నాకు తెలుసు. మా అంగడి ముందు పలక మీద ఉప్పు, బెల్లం, చింతపండు అని రాసి ఉండేవి ఆ అక్షరాలే.

"ఈ రెండు నెలలూ ఎవరు రాశారు?"

"నేను సార్." కుసుమ జనంలోంచి ముందుకు వచ్చింది. చేతులకు చింతపండు జిగురు అలాగే ఉంది.

"ఊళ్ళో లేని పిల్లలకు హాజరు వేశావా?"

"ఏసినాను సార్. బిడ్డలు ఊర్లో లేకపోయినా వాళ్ళ అవ్వలుండారు గదా. కొడుకులు మందెంబడి పోతే ఆరు నెలలు వాళ్ళకు కూడు పెట్టేదెవురు? ఆ బియ్యం వాళ్ళకే కొలిచి ఇచ్చినాను. పేర్లు కొట్టేస్తే, వానలకు తిరిగొచ్చినాక ఆ బిడ్డలు మళ్ళా బడి మొగం సూడరు. అందుకే ఉంచినాను."

నేను మారప్ప వైపు చూశాను. అతనికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. జనవరిలో నేను చెప్పలేదా అని ఒక్క మాట అంటే చాలు, నా కూతురి బతుకు ఆ వరండాలోనే ముగిసిపోతుంది. అతని చోట నేనుంటే ఆ మాట అనేదాన్ని.

మారప్ప ముందుకు వచ్చి తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ పాపకేం తెలుసు సార్? నేను ఏయమన్నాను, ఏసింది. అడుగున సైర్మను సంతకం ఉండాది, సూడండి. అది నాదే."

"మామా..." అంది కుసుమ.

"నువ్వు ఊరుకో పాపా."

సారు పుట అడుగు చూశాడు. సంతకం ఉంది. వంకరటింకరగా, రెండు నెలలకూ రెండు. ఆయన రిజిస్టరు మూసి, కుసుమ వైపు మళ్ళీ చూడలేదు. ఆ వారంలోనే మారప్ప చైర్మను పదవి పోయింది. కుసుమ మీద కాగితం కదల్లేదు.

నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. నిజంగానే అతను వేయమని చెప్పి ఉంటే జనవరిలో దొంగ అని ఎందుకన్నాడు? చెప్పకపోయి ఉంటే మార్చిలో ఎందుకు మీద వేసుకున్నాడు? ఈ రోజుకీ నాకు తెలియదు. నేను తోసి కింద పడేద్దామనుకున్న మనిషి తనంతట తాను మెట్లు దిగిపోయాడు. తోసిన తృప్తి కూడా నాకు మిగల్చలేదు. దానికి అతన్ని ఇంకా క్షమించలేదు.

గుట్ట దిగి వచ్చేటప్పుడు కుసుమ నా ముందు నడిచింది. ఇంటికి చేరాక అడిగింది.

"అర్జీ పెట్టింది ఎవురుమా?"

"నేనే. నీకోసమే గదా."

"నాకోసమైతే నన్ను ఒక్క మాట అడిగుండాల. ఆ పొద్దు నీ సెయ్యి కిందికి ఎందుకు దించినాననుకున్నావు?"

"ఎందుకు?"

"ఎగువపల్లె అవ్వలు కొంగులో బియ్యం కట్టుకోనొచ్చి, నీకు కొలిచి, ఉప్పూ టీపొడీ ఏసుకోని పోతా ఉండిరి గదా. ఆ బియ్యం యాడివనుకున్నావు? వాళ్ళకు వరి పండిస్తాదా ఆ గుట్ట?"

నాకు గుర్తొచ్చింది. లావు బియ్యం. పడితో కొలుచుకుని, అంగట్లోని బియ్యం మూటలో నేనే కలిపేదాన్ని. ఎక్కడివని ఏ రోజూ అడగలేదు. అమ్మొచ్చిన వాళ్ళను ఎక్కడిదని అడిగితే సరుకు పక్క ఊరికి పోతుంది. అంటే మారప్ప అన్న దాంట్లో సగం నిజమే. ఆ సగం నిజానికి అతని మీద నాకు ఇంకాస్త కోపం పెరిగింది.

ఏప్రిల్‌లో ఉత్తరువు వచ్చింది. క్రాస్ హెడ్మాస్టరు మా బడి గోడకు అంటించి, మా అందరికీ అర్థమయ్యేలా చదివి చెప్పాడు. ముడివేసిన చిన్న బడుల్లో పిల్లలు కలిపి నలభైమంది ఉంటే బడులు ఉంటాయి. లేకపోతే రెండూ ఎత్తేసి పెద్ద బడిలో కలిపేస్తారు. ఎగువ పద్దెనిమిది, దిగువ పందొమ్మిది. ముప్పైఏడు.

"మూడు పేర్లు తక్కువ" అన్నాడు హెడ్మాస్టరు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

పుంగనూరులో ఆదినారాయణ సారు అద్దాలు తీసి చెప్పబోయింది ఇదే. నేను రెండు ఊళ్ళను తక్కెడకు రెండు వైపులా పెట్టి, అటు తగ్గితే ఇటు మొగ్గుతుందని అనుకున్నాను. ప్రభుత్వం మమ్మల్ని రెండేళ్ళ ముందే ఒకే తట్టలో వేసిపెట్టింది.

"మారప్ప ఊరి బడి మూయిస్తావని నీ ఎనకాల నేనూ గుట్ట ఎక్కితినే నంజమ్మా! మన బడి గూడా మూట గట్టి పంపిచ్చేసినావే!" అంది సిద్ధమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

జూన్‌లో బడులు తెరిచారు. ఎగువ పిల్లలు మూడున్నర కిలోమీటర్లు నడవాలి. మధ్యలో వంక ఉంది. వానొస్తే పారుతుంది. అందుకని పొద్దున ఎనిమిదిన్నరకు మారప్ప గొర్రెల కర్ర పట్టుకుని పిల్లల ముందు నడిచేవాడు. మా ఊరు చేరాక మా పిల్లలూ కలిసేవారు. కుసుమ మా అంగడి మెట్లు దిగి, చిన్నవాళ్ళ చేతులు పట్టుకుని వరస చివర నడిచేది. దానికి ఎవరూ జీతం ఇవ్వలేదు. ఎవరూ పొమ్మనలేదు. జనవరిలో తనను దొంగ అన్న మనిషి వెనక నా కూతురు రోజూ నడిచిపోయేది. సాయంత్రం తిరిగొచ్చి నాతో అంగడి మాటలు తప్ప ఇంకొకటి మాట్లాడేది కాదు.

మారప్ప అంగడి ముందుకు రాగానే ఆగేవాడు.

"ఏమ్మా, బాగుండావా?"

ఒక్క రోజు తప్పలేదు. పలకరించకుండా పోతాడేమో, ఒక్క రోజైనా ముఖం తిప్పుకుంటాడేమో అని నేను ఎదురుచూసేదాన్ని. ముఖం తిప్పుకుంటే మేమిద్దరం సరిసమానం అయ్యేవాళ్ళం.

తొలివానలు పడిన మూడో రోజు మందలు తిరిగొచ్చాయి. గొర్రెలు కాసే మునీశ్వరి, ఎనిమిదేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని అంగడికి వచ్చింది. కుప్పం వైపు నుంచి తెచ్చిన రాగులు మూట గట్టుకుని ఉంది. అవి నాకు కొలిచి సరుకులు తీసుకోవడం ప్రతి ఏడూ ఆమెకు అలవాటు.

"నంజమ్మా, మా పాప పేరు బడిలో లేదంట గదా. వానలకు వచ్చేదంకా పేరు ఉంటాది, భయపడొద్దని కుసుమమ్మ సెప్పుండె. ఆ మాట మీదనే పాపను ఎంబడి తీసుకోని పోతి. లేకపోతే అవ్వ దగ్గిర ఇడిసిపెట్టుందును."

"క్రాస్ బడికి తీసుకుపో. మళ్ళా రాసుకుంటారు" అన్నాను.

"ఆడికి పోతిని. రాసుకుంటారంట. మల్లా కార్తీకం వస్తే పోతారు గదా, మీ పేర్లు నిలవవు, మీకు ఎందుకులే సదువు అని ఎవురో అనిరి. అది సరే, పేరు కొట్టించింది ఎవురంట?"

"సర్కారోళ్ళు" అన్నాను.

కుసుమ లోపల పప్పు పొట్లం కడుతోంది. దారం చుట్టి, ముడి వేసి, తెంపి, పొట్లం తెచ్చి మునీశ్వరి ముందు పెట్టింది.

"మా యమ్మ" అంది. గొంతు పెంచలేదు.

మునీశ్వరి నా వైపు చూసింది. నేను కాదనలేదు.

"మారప్ప మీద కోపంతో సేసినాను" అన్నాను.

"మారప్ప మీద కోపమైతే మారప్ప గొర్రెలుండాయి, సేనుండాది, ఇల్లుండాది" అంది మునీశ్వరి. "మా పాప పేరే దొరికిందా నీకు?"

తిట్టలేదు. తక్కెడ మీద పెట్టిన రాగుల మూట మళ్ళీ నెత్తికి ఎత్తుకుంది. పప్పు పొట్లం అక్కడే ఉంది. పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. కుసుమ చెప్పులు వేసుకుని వాళ్ళ వెంట పోయింది. ముగ్గురూ క్రాస్ దారి పట్టారు. ఆ పాప పేరు రాయించాకే కుసుమ తిరిగొచ్చింది. మునీశ్వరి మాత్రం మళ్ళీ నా అంగడి మెట్టు ఎక్కలేదు. ఆమె వెనక ఇంకో ఏడెనిమిది కుటుంబాలు కూడా.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. కుసుమ క్రాస్ బడిలోనే వాలంటీరుగా చేరి, తరువాత ట్రైనింగు చదివి టీచరయింది. ప్రతి నవంబరులో మందలు దిగే ముందు ఎగువపల్లె పోయి, చిన్నపిల్లలను అవ్వల దగ్గర వదిలిపెట్టమని ఇల్లిల్లూ బతిమాలుతుంది. కొందరు వింటారు. మారప్ప ముసలివాడయ్యాడు. ఇప్పటికీ అంగడి ముందు ఆగి బాగుండావా అని అడుగుతాడు.

ఎగువపల్లె మారప్పను కుర్చీలోంచి దించింది ఎవరని ఎవరైనా అడిగితే, నేనే అని ఇప్పటికీ చెప్తాను. కుసుమ వినేలా మాత్రం చెప్పను.